నేలకు బిగించిన మర

శనివారం సాయంత్రం మరాయన రాళ్లు విప్పుతుంటే ఆవిడ వెళ్లి షెడ్డు గుమ్మంలో నిలబడింది. షెడ్డు ఆవిడది, పిండిమర ఆయనది. పద్నాలుగేళ్లలో ఈ సంగతి పైకి అనవలసిన అవసరం ఇద్దరికీ రాలేదు.

పిండిమర ఆపేశాక కూడా కాసేపు చెవుల్లో తిరుగుతూనే ఉంటుంది. ఆయన ఆ హోరు తగ్గేదాకా ఆగి, తొట్టి ఎత్తి గోడకు ఆనించాడు. మూత మీది నాలుగు నట్లు విప్పి, విప్పిన వరుసలోనే ఒక డబ్బామూతలో పెట్టుకున్నాడు. పైరాయిని అంచు మీద నిలబెట్టి, నడక నేర్చే పిల్లను నడిపించినట్టు రెండు చేతులతో పట్టుకుని గోనెసంచి మీదికి దొర్లించాడు. తర్వాత కిందిరాయిని. పదిహేను రోజులకొకసారి రాళ్లు నున్నబడతాయి. మళ్లీ గాట్లు కొట్టకపోతే గింజ నలగదు, వేడెక్కి మాడుతుంది. ఆ పని షెడ్డులో చేస్తే రాతినలుసు జనం తినే పిండిలో పడుతుందని ఆయన రాళ్లను తోపుడుబండి మీద ఇంటికి తీసుకుపోతాడు. సోమవారం తెచ్చి బిగిస్తాడు.

ఈసారి బిగించేది ఇక్కడ కాదు. సోమవారంతో నెల ముగుస్తుంది. ఆ రోజుకు షెడ్డు ఖాళీ చేయమని ఆవిడే చెప్పింది. ఆయన ఎందుకని అడగలేదు. రెండు వీధుల అవతల ఒక గది చూసుకున్నాడు.

"ఏం అక్కగారూ, నిలబడే ఉన్నారు? ఆ బస్తా మీద పిండి లేదు, కూర్చోండి."

"కూర్చోను. ఒక మాట చెప్పిపోదామని." ఆ మాటను మధ్యాహ్నం నుంచి మూడుసార్లు మనసులో చెప్పుకుని చూసుకుంది. "రేపు సున్నం వేసేవాళ్లు గోడలు చూసుకోవడానికి వస్తారు. తాళంచెవి నాకిచ్చి వెళ్తావా? మర ఎక్కడికి పోతుంది, సోమవారం బండి తెచ్చుకుని తీసుకెళ్దువుగాని."

"అదెంత భాగ్యం," అన్నాడాయన.

రాళ్లను బండికెక్కించి, తలుపు వేసి, తాళం పెట్టాడు. తాళంచెవికి పిండి అంటుకుని ఉంది. చొక్కా అంచుతో తుడిచి, పళ్ల సందుల్లో ఉన్నది ఉఫ్ అని ఊది, అప్పుడు ఆవిడ చేతిలో పెట్టాడు.

"తలుపు కాస్త పైకెత్తి తిప్పాలి, లేకపోతే మొండికేస్తుంది."

"నా తలుపు సంగతి నాకు చెప్తున్నావా?"

ఆయన నవ్వాడు. "మీ తలుపే. కానీ పద్నాలుగేళ్ల నుంచి నాతో పోట్లాడుతోంది."

బండి చక్రాలు కిర్రుకిర్రుమంటూ వీధి మలుపు తిరిగాయి. ఆవిడ నడుముకున్న తాళాల గుత్తిలోకి ఈ తాళంచెవిని కూడా ఎక్కించింది. పెద్ద బరువేం లేదు. అయినా ఇంట్లోకి వెళ్లేదాకా చెయ్యి దాని మీదే ఉంది.

*

ఆదివారం పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. ప్లీడరు దగ్గర ముప్ఫయ్యేళ్లుగా గుమాస్తా. కోర్టులో ఒక్క రోజూ నోరు తెరవలేదు కాబట్టి, అక్కడ మిగిల్చిన మాటలన్నీ చుట్టాల ఇళ్లలో వాడుకుంటాడు. చెప్పులు విడవకముందే అడిగాడు.

"చేతికొచ్చిందా?"

ఆవిడ గుత్తి చూపించింది.

"హమ్మయ్య. అక్కా, ఇక మర నీది."

"నిన్నటి నుంచి అదే మాట. ఎలా నాదవుతుందో మళ్లీ ఒకసారి చెప్పు."

తమ్ముడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఈ ప్రశ్న కోసమే వచ్చినట్టున్నాడు. "నేలకు బిగించింది నేల గలవాడిది. ఇది మొదటి మాట. అద్దెకున్నవాడు తన వ్యాపారం కోసం బిగించుకున్నది విప్పుకుపోవచ్చు. కాదనను, ఇది రెండో మాట. కానీ ఎప్పటిదాకా? స్థలం వాడి చేతిలో ఉన్నంతవరకు. పోయేటప్పుడు నేలను ఎలా తీసుకున్నాడో అలా అప్పగించాలి కూడా. తాళంచెవి ఇచ్చాడంటే స్థలం అప్పగించాడన్నమాట. అప్పగించాక లోపల నేలకు అతుక్కుని ఏది మిగిలితే అది నీది. మూడో మాట. అయిపోయింది."

"నెల రేపటిదాకా ఉంది కదరా."

"ఉంటే? ముందే ఇచ్చాడు. ఎవరైనా మెడ మీద కత్తి పెట్టారా?"

"ఆయనకు ఇదంతా తెలియదు."

"తెలియకపోవడం చట్టంలో సాకు కాదు."

"నేను సున్నమని అబద్ధం చెప్పాను."

"సున్నం వేయించు. నిజమైపోతుంది."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వినందుకు కోపమొచ్చింది. తమ్ముడు చెడ్డవాడు కాడు. నెలనెలా ఆవిడకు సరుకులు పంపేది అతనే. ఆ సరుకుల సంచితోపాటు మరదలి మాట కూడా ఒకటి వస్తుంది, తూకం లేకుండా. పిండిని పొట్లాలు కట్టి అమ్మే వ్యాపారి ఒకాయన షెడ్డును మరతో సహా తీసుకుంటానన్నాడు. ఇప్పుడొచ్చే అద్దెకు రెట్టింపు ఇస్తానన్నాడు. వచ్చే నెల నుంచి సరుకుల సంచి అక్కర్లేదని చెప్పి పంపే రోజు ఎలా ఉంటుందో ఆవిడ రెండు వారాలుగా రకరకాలుగా ఊహించుకుంటోంది. ఒక్కోసారి మర్యాదగా చెప్తుంది. ఎక్కువసార్లు కాదు.

ఇద్దరూ షెడ్డుకు వెళ్లారు. తాళంచెవి తిరగలేదు. ఆవిడ తలుపును భుజంతో కాస్త పైకెత్తింది, అప్పుడు తిరిగింది.

లోపల వెలుతురు పైనున్న ఒకే ఒక కిటికీలోంచి పడుతోంది. గోడలు, దూలాలు, కరెంటు తీగ, అన్నింటి మీదా పిండి సన్నగా పేరుకుని ఉంది. మధ్యలో సిమెంటు దిమ్మ మీద నాలుగు బోల్టులతో మర. మోటారు, బెల్టు, ఇనుప పీఠం. మూత తీసి ఉన్నచోట, రాళ్లు ఉండాల్సిన గుండ్రటి గూడు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

"రాళ్లేవి?" అన్నాడు తమ్ముడు.

"గాట్లు కొట్టడానికి ఇంటికి తీసుకెళ్లాడు. ఎప్పుడూ అంతే." ఆవిడ గొంతులో ఒక విధమైన తేలిక వినబడింది. "అవి నేలకు బిగించి లేవుగా? అవి ఆయనవి. రాళ్లు లేని మరతో మీ పొట్లాలాయన ఏం విసురుతాడు, గాలా?"

తమ్ముడి మొహం, పరీక్షలో తను చదివిన ప్రశ్నే వచ్చిన పిల్లాడి మొహంలా విప్పారింది.

"అక్కా! మా ప్లీడరుగారు ఇది చెప్పి చెప్పి నవ్వేవారు. బాగుచేయడానికి విప్పి బయటికి తీసుకెళ్లిన తిరగలిరాయి, ఎంత దూరంలో ఉన్నా, మరలో భాగమేనట. ఇవాళ్టి మాట కాదు, రాజుల కాలంనాటి తీర్పు. మర ఎవరిదైతే రాయి వాళ్లదే."

"ఆయన ఇంట్లో ఉన్నా?"

"కట్టుడుపళ్లు తీసి గ్లాసులో పెట్టుకుని పడుకుంటే అవి గ్లాసువైపోతాయా? నోటివే కదా."

ఆవిడ ఖాళీ గూట్లోకి చూసింది. అడుగున కొద్దిగా పిండి మిగిలి ఉంది. వేలితో తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. మెత్తగా, చల్లగా ఉంది.

"రేపు పొద్దున పదింటికి పొట్లాలాయన్ని తీసుకొస్తాను," అన్నాడు తమ్ముడు. "శనివారమే తాళంచెవి ముట్టిందని ఒక కాగితం రాసుకొస్తాను, సంతకం చేద్దువు. రాళ్ల సంగతి నువ్వే వెళ్లి నెమ్మదిగా చెప్పు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

*

మరాయన ఇల్లు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం అడిగి తెలుసుకుని వెళ్లింది. అయినా ఆ వీధిలో అడగక్కర్లేదు. టక్, టక్, టక్ మని వినబడుతున్న వైపు నడిస్తే చాలు.

ఇంటి ముందు నాపరాళ్ల మీద గోనెసంచి, దాని మీద పైరాయి వెల్లకిలా ఉంది. ఆయన చిన్న పీట మీద కూర్చుని, మోచేతిని మోకాలికి ఆనించి, రెండువైపులా పదునున్న సుత్తితో ఒకే చోట ఒకే బలంతో కొడుతున్నాడు. రాతి మధ్య గింజ పడే కన్ను దగ్గర లోతుగా మొదలైన గాడి, అంచుకు వచ్చేసరికి గీతంతవుతుంది. పిండి ఆ దారినే బయటికి పోవాలి. నాలుగు దెబ్బలకొకసారి ఆగి, పొడి ఊది, అరచేత్తో రాతిని నిమిరి చూసుకుంటాడు. కళ్లజోడుకు ఒక చెవివైపు దారం కట్టి ఉంది.

గుమ్మంలో ఆయన భార్య మేకుకు తగిలించిన జల్లెడ దించి, చిరిగిన అంచు కుడుతోంది. ఆవిడను చూసి లేవలేదు.

"అక్కగారూ! మీరే వచ్చారే." ఆయన సుత్తి పక్కన పెట్టబోయాడు. "సున్నం వాళ్లు వచ్చారా?"

"రాలేదు."

"వస్తామంటారు, రారు. వాళ్లంతే."

"నేనీయన్ని నిన్నటి నుంచి తిడుతూనే ఉన్నాను," అంది భార్య, దారం పళ్లతో తెంపుతూ. "సామాను లోపల పెట్టి తాళంచెవి చేతికిచ్చి వచ్చే మనిషిని ఎక్కడైనా చూశారా? అడిగితే, రాళ్లు నా దగ్గరున్నాయి, మర ఎక్కడికి పోతుందంటాడు. మీరు మంచివాళ్లంటాడు. నేను మాత్రం అనను, ఏమీ అనుకోకండి. నాకు మీరెవరో తెలియదు."

"ఊరుకో," అన్నాడాయన.

"ఊరుకునే ఉన్నాను. మీరెందుకొచ్చారో చెప్పండి."

కూర్చోమని ఎవరూ అనలేదు. ఆవిడ అరుగు అంచున తనే కూర్చుంది. దారిలో మాటలు పేర్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు చూస్తే ఒక్కటీ దొరకలేదు. చివరికి తమ్ముడి మాటే నోట్లోంచి వచ్చింది.

"మా తమ్ముడు ఒకటంటున్నాడు. నేలకు బిగించింది నేల గలవాళ్లదేనట. తాళంచెవి ఇచ్చేశాక మర నాదవుతుందట. ఈ రాళ్లు కూడా మరలో భాగమే కాబట్టి..."

మరాయన నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. ఇంకా ఏదో వస్తుందని ఆమె మొహంలోకి చూశాడు. ఏమీ రాలేదు. ఆ నవ్వు ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే మొహాన ఉంచుకున్నాడు.

"రాళ్లు కూడానా?" అన్నాడు.

"బాగుచేయడానికి తీసుకెళ్లినా మరలోవేనట. పాత తీర్పట."

ఆయన భార్య సూదిని జల్లెడకు గుచ్చి, లేచి వచ్చి, మొగుడి కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తింది. వేళ్ల మీద, వేళ్ల సందుల్లో, మణికట్టు దాకా నల్లటి చుక్కలు. సుత్తి అంచు నుంచి రాలిన ఉక్కు ముక్కలు ఏళ్లకేళ్లుగా చర్మంలోకి దిగి అక్కడే ఉండిపోయాయి.

"అయితే ఈ చేతులు కూడా మరలోవేనా? ఇవి కూడా రోజూ సాయంత్రం ఇంటికి తెచ్చుకుంటాడు. మీ తమ్ముడిని అడిగి చెప్పండి. అవుననే అంటే ఇప్పుడే తీసుకెళ్దురుగాని, మళ్లీ రెండోసారి రావడమెందుకు?"

"వదులు," అన్నాడాయన. చెయ్యి విడిపించుకున్నాడు. రాతివైపు తిరిగాడు. ఆవిడ ఎదురుచూసింది, అరుస్తాడని, ఏడుస్తాడని, కనీసం కాళ్లావేళ్లా పడతాడని. దేనికైనా ఒక జవాబు దగ్గరుంచుకుంది.

ఆయన సుత్తి తీసుకున్నాడు. టక్, టక్.

"ఏం చేస్తున్నావు?" అంది భార్య.

"రెండు వరుసలున్నాయి."

"ఎవరి కోసం?"

"ఎవరిదైతే ఏం? సగం కొట్టిన రాయిని బిగిస్తే కిందిదాన్ని తినేస్తుంది. రెండూ పాడవుతాయి." ఊదాడు. నిమిరాడు. "రేపు పంపిస్తాను అక్కగారూ. బిగించేవాడు ఎవరో గానీ, కాగితం మందం ఎడం ఉంచమనండి. మరీ దగ్గరికి తెస్తే పిండి మాడువాసన వస్తుంది. జనం ఆ మర్నాటి నుంచి రారు."



లేచి వెళ్లిపోవచ్చు. వచ్చిన పని అయిపోయింది. ఆవిడ లేవలేదు. ఒక గాడి పూర్తయింది, ఇంకొకటి మొదలైంది. ఆయన ఇటు చూడలేదు. భార్య కూడా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి రాతినే చూస్తోంది. వెలుతురు తగ్గుతుంటే ఆయన రాతిని కొద్దిగా పడమటివైపు తిప్పుకున్నాడు. చివరి గాడి అంచుదాకా వచ్చింది. తడిగుడ్డతో తుడిచాడు. తడి ఆరుతుంటే గాట్లన్నీ ఒక్కొక్కటే తేలాయి.

ఆవిడ నడుము దగ్గర గుత్తి తడిమి, గోటితో వలయం విడదీసింది. వలయం బిగుతుగా ఉంది, గోరు విరిగింది. శనివారం ఎక్కించిన తాళంచెవిని బయటికి తీసి, ముందుకు వంగి, రాతి కంట్లో పెట్టింది.

"ఆ తలుపు నాకు లొంగలేదు," అంది. "సున్నం వాళ్లు వస్తే నిన్నే పిలుస్తాను. నీ దగ్గరే ఉంచు."

మరాయన కళ్లజోడు తీశాడు. ఆయన భార్య అతనికంటే ముందు వంగి, తాళంచెవి తీసుకుని, రవికెలో దోపుకుంది.

"మంచినీళ్లు తాగుతారా?" అని అడిగింది.

"వద్దు. చీకటి పడుతోంది."

*

సోమవారం పదింటికి తమ్ముడు, పొట్లాల వ్యాపారి వచ్చారు. వ్యాపారి తెల్లటి బట్టల్లో ఉన్నాడు, పిండిమర చూడడానికి వచ్చే మనిషిలా లేడు. తమ్ముడు కాగితం బల్ల మీద పరిచి, కలం మూత తీశాడు.

"ఇక్కడ. శనివారం తేదీ వేశాను. తాళంచెవి నాకు ముట్టినది అని ఉంది, అంతే."

"ఎవరికి ముట్టింది?" అంది ఆవిడ.

"నీకే."

"నాకేం ముట్టలేదే. ఆయన దగ్గరే ఉంది."

తమ్ముడు ఆవిడను చూశాడు, ఆవిడ నడుమును చూశాడు, మళ్లీ ఆవిడను చూశాడు. "అక్కా, నిన్న ఆ గుత్తిలో నేను కళ్లారా చూశాను. ఇద్దరం కలిసి లోపలికి వెళ్లాం."

"నువ్వు చూసింది బీరువాది. షెడ్డు తలుపు తీసే ఉంది."

"తీసి ఉందా?"

"వయసు మీద పడుతోందిరా నీకు."

వ్యాపారి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడే బయట కిర్రుకిర్రుమంది. తోపుడుబండి కాదు, పెద్ద బండి. మరాయన, ఇద్దరు మనుషులు, మోకు, గునపాలు, రెండు దుంగలు. వెనక భార్య నడుస్తూ వచ్చింది. షెడ్డు దగ్గర ఆగి, తాళంచెవి తీసి మొగుడికిచ్చింది. ఆయన తలుపును భుజంతో ఎత్తి తిప్పాడు. ముగ్గురూ ఇంటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

"స్థలం ఎవరి చేతిలో ఉన్నట్టు?" అంది ఆవిడ.

తమ్ముడు కలానికి మూత పెట్టాడు. చాలా నెమ్మదిగా పెట్టాడు.

"మర లేకపోతే నాకీ షెడ్డెందుకండీ?" అన్నాడు వ్యాపారి. ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, బట్టలకు దుమ్ము తగలకుండా బండిని చుట్టి వెళ్లిపోయాడు.

"నోటి దగ్గరి ముద్ద," అన్నాడు తమ్ముడు. "నీ మరను నువ్వే పారేసుకున్నావు."

"రెండు రోజులు నాదనుకుని చూశాను కదా. పిండి రాలేదు."

"నవ్వుతావేమిటి? ఇంటికెళ్లి నీ మరదలికి నేనేం సమాధానం చెప్పాలి?"

ఆవిడ నవ్వడం లేదు. బల్ల మీది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తమ్ముడి జేబులో పెట్టింది. "ఈ నెల కూడా సరుకులు పంపమన్నానని చెప్పు. నూనె కాస్త ఎక్కువ పంపమను."

తమ్ముడు వెళ్లాక షెడ్డు దగ్గరికి వెళ్లి గుమ్మంలో నిలబడింది. బోల్టులు తుప్పుపట్టి రాలేదు. దిమ్మనే పగలగొట్టారు. మధ్యాహ్నానికి మర, చెట్టు వేళ్లతో లేచినట్టు, కాళ్లకు సిమెంటు పెళ్లలతో పైకి లేచింది. దుంగల మీద దొర్లించి బండికెక్కించారు. మోకు బిగిస్తూ మరాయన ఆవిడకేసి తిరిగి ఏదో అనబోయాడు. మాట కూడబలుక్కునేలోగా ఆవిడే అంది.

"ఆ గొయ్యి?"

షెడ్డు మధ్యలో మనిషి కూర్చునేంత గొయ్యి ఉంది.

"రేపొచ్చి పూడుస్తాను అక్కగారూ."

"తాళంచెవి రేపే ఇవ్వు అయితే. నేలను ఎలా తీసుకున్నావో అలా అప్పగించాలి. అది కూడా చట్టమే."

మంగళవారం ఆయన, భార్య వచ్చారు. పెళ్లలు ఏరి, మట్టి పోసి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టారు. పైన గచ్చు చేసి తాపీతో నున్నగా తీశారు. ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో షెడ్డు అడుగుదామని పాతసామాన్లవాడు ఒకడొచ్చి, గొడౌనుకైతే తీసుకుంటానన్నాడు. మరాయన ఇచ్చినదాంట్లో సగానికి. ఆవిడ ఆలోచిస్తానంది. ఆలోచించడానికి ఏం లేదని ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం పొద్దున మరాయన తాళంచెవి పట్టుకుని వచ్చాడు. ఆవిడ చెయ్యి చాపలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లి, కొత్త గచ్చు మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు ఉత్తి కాళ్లతో నడిచింది. తిరిగి వచ్చింది. అడ్డంగా నడిచింది. కిటికీ వైపు ఒకచోట ఆగి, మడమ ఆనించి, వేళ్లతో నొక్కింది.

"ఇక్కడ పల్లంగా ఉంది," అంది.

ఆయన వచ్చి వంగి, అరచెయ్యి ఆనించి అటూ ఇటూ నిమిరాడు. కళ్లు మూసుకుని ఇంకోసారి నిమిరాడు.

"ఉంది," అన్నాడు. "వెంట్రుకవాసి."

"ఉంటే మరి? సరిచేశాకే తాళంచెవి."

ఆయన తాళంచెవిని జేబులో వేసుకుని, తాపీ తేవడానికి వెళ్లాడు.